మైలుతుత్తం, మేకులు, ఒక చిట్టా పుస్తకం: మా రెడాక్స్ ప్రాజెక్టు డైరీ

మొదటి ఆదివారం

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాని. చిట్టా రాయడం, ఆవర్జాలోకి ఎక్కించడం, రైతుకి ఎంత ఇవ్వాలి, వ్యాపారి దగ్గర ఎంత రావాలి, హమాలీ ఎంత, కాటా ఎంత, రోజంతా ఇదే. కెమిస్ట్రీకీ నాకూ టెన్త్‌తోనే తెగిపోయింది, అదీ గట్టెక్కితే చాలన్నట్టు గట్టెక్కా. మరి ఈ డైరీ ఏందంటే, మా అక్క కూతురు బుజ్జి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, బ్రాడీపేటలోనే మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటారు, మొన్న వీక్లీ టెస్టులో రెడాక్స్ మీద ఇరవైకి ఆరొచ్చాయని మొహం వేలాడేసుకుని వచ్చింది. సెప్టెంబర్లో యార్డుకి కొత్త సరుకు రాదు, కోల్డ్ స్టోరేజీల్లోంచి దిగే టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే, కాబట్టి సాయంత్రాలు ఖాళీ. సరే పుస్తకం తీసుకురా చూద్దాం అన్నా. అన్నాక తెలిసింది ఎందులో కాలు పెట్టానో.

దాని బాధ దాని మాటల్లోనే: "మామయ్యా, ఎలక్ట్రాన్లు పోతే ఆక్సిడేషన్, వస్తే రిడక్షన్, ఆయిల్ రిగ్ (ఆక్సిడేషన్ ఈజ్ లాస్, రిడక్షన్ ఈజ్ గెయిన్) అని బట్టీ పట్టా. కానీ రిడక్షన్ అంటే తగ్గడం గదా, వస్తుంటే తగ్గడం ఏంది? పోతుంటే నంబర్ పెరగడం ఏంది? పైగా ఆక్సిడైజింగ్ ఏజెంట్ అంట, అది ఆక్సిడైజ్ అవ్వదంట, రిడ్యూస్ అవుద్దంట. ఎవరు పెట్టారు ఈ పేర్లు?"

నా దగ్గర జవాబు లేదు. మా రోజుల్లో తెలుగు మీడియంలో ఆక్సీకరణం, క్షయకరణం అనేవాళ్లు, క్షయం అన్నా తగ్గడమే, అంటే తెలుగులోనూ అదే తిరకాసు, కాకపోతే అప్పుడు నాకు అడగాలని తోచలేదు అంతే.

మంగళవారం రాత్రి

రెండు రోజులు దాని పుస్తకం ముందేసుకుని కూర్చున్నా. పేర్ల గొడవ కొంత తేలింది. మొదట్లో ఆక్సిడేషన్ అంటే ఆక్సిజన్‌తో కలవడం, అంతే. రిడక్షన్ అనే మాట గనుల్లోంచి తీసిన ముడి ఖనిజాన్ని కాల్చి లోహం తీసేవాళ్లది, బస్తాడు ఖనిజం వేస్తే చివరికి దక్కే లోహం బరువు తగ్గుద్ది కదా, అందుకని తగ్గించడం. ఎలక్ట్రాన్ అనేదాన్ని 1897లో గానీ కనిపెట్టలేదు, ఆ తర్వాత అర్థం మారింది, పేర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి. సందుకి కొత్త పేరు పెట్టినా జనం పాత పేరే పిలుస్తారు చూడండి, అట్టా.

ఆక్సిజన్‌కి ఆ పేరు పెట్టిన లవోసియే గురించి చదివితే భలే అనిపించింది. ఆయనా లెక్కల మనిషే. ఫ్రాన్సులో రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసే కంపెనీలో వాటాదారు, ఆ పాపానికే విప్లవం వచ్చినప్పుడు 1794లో తల తీసేశారు. రసాయన చర్యకి ముందూ వెనకా కాటా వేసి చూడటం, వచ్చిందీ పోయిందీ టాలీ చేయడం, ఆయన పని చూస్తే గుమస్తా బుద్ధే కనిపిస్తది నాకు. అయితే ఆ పేరు ఆయన తప్పుగా పెట్టాడు, ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది అని అర్థం, అన్ని ఆమ్లాల్లోనూ అది ఉంటదనుకున్నాడు పాపం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అసలుండదు.

ఇక అసలు సంగతి. రాత్రి పదకొండింటికి చిట్టా మూసేస్తుంటే తట్టింది. ఎలక్ట్రాన్‌కి ఉండేది మైనస్. మైనస్ అంటే మా భాషలో ఏంది? అప్పు. ఎలక్ట్రాన్ అంటే సొమ్ము కాదు, అప్పు కాగితం. బుజ్జికీ నాకూ ఇద్దరికీ పడిన తప్పు ఇదే, ఎలక్ట్రాన్‌ని ఏదో విలువైన సరుకనుకుని అది పోతే నష్టం, వస్తే లాభం అనుకుంటున్నాం. ప్రోనోటు అనుకుని చూడండి. సోడియం తన దగ్గరున్న ఒక ప్రోనోటు క్లోరిన్ నెత్తిన పెట్టింది, సోడియం నిల్వ, పుస్తకంలో ఆక్సిడేషన్ నంబర్ అనేది ఇదే, సున్నా నుంచి ప్లస్ ఒకటికి పెరిగింది, క్లోరిన్ నిల్వ సున్నా నుంచి మైనస్ ఒకటికి తగ్గింది. తగ్గింది కాబట్టి రిడక్షన్! పేరు సరిపోయింది. పాతకాలపు పేరు కొత్త అర్థానికి కూడా యాదృచ్ఛికంగా అతికినట్టు అతుక్కుంది, నేను మంచం మీద లేచి కూర్చున్నా, మా ఆవిడ ఏమైందండీ అంటే ఏం లేదు పడుకో అన్నా.

బుధవారం

బుజ్జికి చెప్పా. ముందు నవ్వింది. తర్వాత నోట్సు తీసుకుని నాలుగు లెక్కలు అదే పద్ధతిలో వేసింది, నాలుగూ కరెక్టే. ఏజెంట్ గొడవ కూడా తేలిపోయింది. అవతలివాడి అప్పు వదిలించాలంటే ఎవడో ఒకడు ఆ కాగితం తన పేరు మీద రాయించుకోవాలి, వాడే ఆక్సిడైజింగ్ ఏజెంట్, పక్కోడి నిల్వ పెంచుతూ తన నిల్వ తగ్గించుకుంటాడు. పెళ్లిళ్ల బ్రోకరు పెళ్లి చేస్తాడేగానీ తను చేసుకోడు కదా అని కూడా అన్నా, కానీ అది అంత బాగా కుదరలేదు, ఎందుకంటే ఈ బ్రోకరు ఖాళీగా ఉండడు, తనకీ ఏదో ఒకటి జరుగుద్ది. అప్పు పోలికే మేలు.

అయితే బుజ్జి గడుసుది. "అన్నీ బాగానే ఉన్నాయి మామయ్యా, కానీ ఇదంతా నువ్వు కాగితం మీద చెప్తున్నావు, నిజంగా అట్టా చేతులు మారతాయని నాకెట్టా తెలుస్తది?" అంది. న్యాయమైన ప్రశ్నే. కాటా వేసి చూద్దాం అన్నా. అక్కడ మొదలైంది ప్రాజెక్టు.

రెండో ఆదివారం

సామాన్లు: మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, చుట్టుగుంట దగ్గర ఎరువుల కొట్లో పొడి ప్యాకెట్టు దొరికింది. ఇనప మేకులు పట్నం బజార్లో. బంగారం తూచే రకం బుల్లి కాటా, 0.01 గ్రాము దాకా చూపిస్తది, ఆన్‌లైన్లో తెప్పించా. ప్లాస్టిక్ గ్లాసులు, గరుకు కాగితం, వడపోతకి కాఫీ ఫిల్టరు కాగితాలు. మైలుతుత్తం విషం, వంటింటి చెంచా ముట్టుకుంటే అక్క మమ్మల్నిద్దర్నీ బయటికి గెంటుద్ది, కాబట్టి అంతా మా డాబా మీద, చేతికి తొడుగులు వేసుకుని.

ఐదు గ్రాములు తూచి గ్లాసుడు నీళ్లలో కలిపాం. ఆ నీలం రంగు చూడాలి, నెమలి మెడ రంగు. ఆ పేరు ఊరికే రాలేదు, మైలు అంటే మయూరమే. నాలుగు మేకులు వేసి కూర్చున్నాం. పుస్తకంలో ఎర్రటి రాగి పూత వస్తది అని ఉంది, మాకు మాత్రం నల్లగా, దూదిలాగా, బురదలాగా ఏదో కట్టింది, మేకు మీద నిలవకుండా రాలి అడుగుకి పోయింది. బుజ్జి మొహం మళ్లీ పాతలాగా అయింది.

గంటసేపు తల పట్టుకున్నాక మిగిలిన మేకులు చూస్తే తెలిసింది, అవి తెల్లగా మెరుస్తున్నాయి. తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన మేకులు. మేము ఇనుముతో బేరం అనుకుంటే ముందు జింకు దిగింది బేరంలోకి, జింకుకి అప్పు వదిలించుకోవడానికి ఇనుము కంటే తొందరెక్కువ, అందుకని రాగి గబగబా పొడిపొడిగా దిగిపోయింది, అట్టా సన్నగా దిగితే నల్లగానే కనిపిస్తదంట. తప్పు మేకు కొన్నాం అంతే, కెమిస్ట్రీ తప్పు చేయలేదు. కొట్టువాణ్ణి పూత లేనివి అని అడగాల్సింది.

సోమవారం, మంగళవారం

పూతలేని నల్ల మేకులు తెచ్చి గరుకు కాగితంతో బాగా రుద్ది, నాలుగూ కలిపి తూస్తే 21.36 గ్రాములు. మళ్లీ ఐదు గ్రాముల మైలుతుత్తం, కొత్త నీళ్లు. ఈసారి మేకు ముంచి పది లెక్కపెట్టేలోపే గులాబీ రంగు తిరిగింది, నిమిషానికి కొత్త రాగి చెంబు రంగు. బుజ్జి చప్పట్లు కొట్టింది. అప్పుడప్పుడూ కదిలిస్తూ రెండు రోజులు వదిలేశాం, నీలం కాస్తా పాలిపోయి లేత ఆకుపచ్చ అయింది. ఆ ఆకుపచ్చ ఐరన్ ప్లస్ రెండుది. నీళ్లలో ఉన్న రాగి ప్లస్ రెండు నుంచి సున్నాకి దిగి గట్టిగా మేకుకి అంటుకుంది, మేకులో ఉన్న ఇనుము సున్నా నుంచి ప్లస్ రెండుకి ఎక్కి నీళ్లలోకి పోయింది. రెండు కాగితాలు ఇటు నుంచి అటు. మధ్యలో ఉన్న సల్ఫేట్‌కి ఏ సంబంధం లేదు, సాక్షి సంతకం బాపతు.

బుధవారం: రైతు చెప్పిన ముక్క

ఇది ప్రాజెక్టులో లేదుగానీ రాయకుండా ఉండలేను. కొట్లో కూర్చుని బల్ల మీద రాగి పట్టిన మేకు ఒకటి తిప్పుతుంటే, చేబ్రోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చూశాడు. మిర్చితో పాటు తమలపాకు తోట కూడా ఉందాయనకి.

"ఏంది గుమస్తా గారూ, సున్నం తక్కువైందా?" అన్నాడు.

నాకర్థం కాలేదు. సున్నమేంది బాబాయ్ అంటే చెప్పాడు. తమలపాకు తీగకి తెగులొస్తే బోర్డో మందు కొడతారు, మైలుతుత్తం కిలో, సున్నం కిలో, వంద లీటర్ల నీళ్లు. ఇనప డ్రమ్ములో కలపకూడదు, ప్లాస్టిక్ డ్రమ్ములోనే. కలిపాక కొడవలి మొన ముంచి తీస్తారు, ఎర్రగా పూత కడితే సున్నం చాలలేదన్నట్టు, అట్టాగే కొడితే ఆకు మాడుద్ది, ఇంకాస్త సున్నపు నీళ్లు పోసి మళ్లీ ముంచి చూస్తారు, కొడవలి తెల్లగా ఉండేదాకా.

అంటే మేము నాలుగు రోజుల నుంచి చేస్తున్న ప్రయోగం ఆయన చిన్నప్పటి నుంచి కొడవలితో చేస్తున్నాడు. సున్నం చాలినంత ఉంటే రాగి అంతా హైడ్రాక్సైడ్‌గా ముద్దకట్టి కూర్చుంటది, నీళ్లలో విడిగా తిరిగే రాగి ఉండదు, కొడవలి దగ్గర అప్పు కాగితం తీసుకోడానికి ఎవడూ ఉండడు. విడిగా ఉంటే ఇనుము మీదకి దిగుద్ది, ఆకునీ కాలుస్తది. బుజ్జికి చెప్తే ఇది ఎగ్జామ్‌లో రాయొచ్చా అంది. రాయి, తప్పేం లేదు అన్నా, ఆ దిద్దేవాళ్ల కర్మ.

గురువారం: టాలీ కాలేదు

మేకులకి అంటిన రాగి మొత్తం గీకి, కడిగి, ఎండబెట్టి తూచాం. లెక్క ప్రకారం ఎంత రావాలో ముందే చిట్టాలో రాసుకున్నా: మైలుతుత్తం మోల్ (డజను లాగా కెమిస్ట్రీవాళ్ల లెక్కింపు మూట) ఒక్కింటికి 249.7 గ్రాములు, మనం వేసింది 5 గ్రాములు, అంటే 0.02 మోల్. రాగి 63.55 లెక్కన 1.27 గ్రాములు దిగాలి, ఇనుము 55.85 లెక్కన 1.12 గ్రాములు కరగాలి.

మేకులు ఇప్పుడు 20.13. అంటే ఇనుము 1.23 పోయింది. రాగి పొడి 1.19 వచ్చింది.

రాగి కాస్త తగ్గిందంటే అర్థముంది, కడిగేటప్పుడు కొంత పోయి ఉంటది, ఫిల్టరు కాగితానికి కొంత అంటుకుంది. కానీ ఇనుము ఎక్కువ పోవడం ఏంది? 0.11 గ్రాము ఇనుము అప్పు కాగితాలు వదిలించుకుని నీళ్లలోకి వెళ్లింది, వాటిని తీసుకున్నోడు చిట్టాలో లేడు. ఈ పద్దెనిమిదేళ్లలో పది రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా నేను కొట్టు కట్టను. బుజ్జి మాత్రం "కాటా తేడా ఉంటదిలే మామయ్యా" అంది. 0.01 చూపించే కాటాలో 0.11 తేడా ఎందుకుంటది.

మళ్లీ కొత్త గ్లాసు పెట్టి ఈసారి కళ్లు అప్పగించి చూశాం. బుజ్జే పట్టుకుంది: మేకు అంచుల వెంబడి ఆవగింజలో పదో వంతు బుడగలు. మైలుతుత్తం నీళ్లు కొంచెం పుల్లనివి, అందులో హైడ్రోజన్ ప్లస్ ఒకటి తిరుగుతుంటది, అట్టాంటివి రెండింటికి ఇనుము చెరో కాగితం అంటగట్టింది, అవి కలిసి హైడ్రోజన్ వాయువై బుడగగా పోయాయి. అదొక్కటే కాదు, మొన్నటి గ్లాసు అడుగున రెండు రోజులకి తుప్పు రంగు మడ్డి కూడా చేరింది, అంటే గాల్లోంచి కరిగిన ఆక్సిజన్ కూడా బేరంలో చేయి పెట్టింది. మూడో ఖాతాదారు, నాలుగో ఖాతాదారు. నాకు ప్రాణం కుదుటపడింది. ఎవడో ఒకడు వదిలించుకున్నాడంటే ఎక్కడో ఒకడు పుచ్చుకునే ఉంటాడు, కనిపించకపోతే వెతకాలి.

ఆ సాయంత్రమే తిరగేసి కూడా చూశాం, రాగి తీగ తీసుకుని ఆ ఆకుపచ్చ నీళ్లలో వేశాం. ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున కూడా ఏమీ కాలేదు. "ఇనుము రాగికి అంటగట్టుద్ది సరే, రాగి తిరిగి ఇనుముకి ఎందుకు అంటగట్టదు? అప్పు అన్నాక ఎవడైనా ఎవడికైనా ఇవ్వాలిగా?" అని బుజ్జి నిలదీసింది. ఇక్కడ నా పోలిక చేతులెత్తేసింది, ఒప్పుకున్నా. ఎవరికి ఎంత తొందర అనేది చిట్టాలో ఉండదు, దానికి వేరే పట్టిక ఉంది: జింకు మైనస్ 0.76 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, హైడ్రోజన్ సున్నా, రాగి ప్లస్ 0.34, వెండి ప్లస్ 0.80. పైనున్నది కిందున్నదానికి అంటగట్టుద్ది, కిందది పైదానికి అంటగట్టలేదు. ఆ అంకెలు చూడగానే బుజ్జి "వోల్టులంటే కొలవొచ్చుగా" అంది.

మూడో ఆదివారం: చేతులు మారేది తీగలో పట్టుకోవడం

గ్లాసులో మేకు ప్రయోగంలో కాగితాలు చేతి నుంచి చేతికి మారిపోతాయి, మనకి కనపడవు. ఇద్దర్నీ రెండు గదుల్లో కూర్చోబెట్టి మధ్యలో ఒక తీగ కడితే అవి తీగలోంచే పోవాలి. 1836లో డేనియల్ అనే ఇంగ్లండ్ ఆయన చేసింది ఇదే.

మా ఏర్పాటు: ఒక ప్లాస్టిక్ గ్లాసులో మైలుతుత్తం నీళ్లు, అందులో ఒలిచిన కరెంటు తీగ రాగి. ఇంకో గ్లాసులో జింకు సల్ఫేట్ నీళ్లు, వరికి వేసేదే, అదే ఎరువుల కొట్లో తెచ్చా. అందులో జింకు రేకు, పాత టార్చిలైటు సెల్లు కోసి డబ్బా రేకు తీసి కడిగాం, అందులో ఉండే నల్లటి పేస్టు మాత్రం మహా పాడుది, బట్టల మీద పడితే పోదు, మా ఆవిడ సాక్షి. ఆల్కలైన్ సెల్లు కోయకూడదు, అవి వేరే రకం, కళ్లలో పడితే ప్రమాదం.

మల్టీమీటరు పెడితే ఏం రాలేదు. సున్నా. బుజ్జి నా వైపు చూసింది, నేను పుస్తకం వైపు చూశా. సాల్ట్ బ్రిడ్జి మర్చిపోయాం. జింకు వైపు ప్లస్‌లు పేరుకుపోతాయి, రాగి వైపు సల్ఫేట్ మైనస్‌లు మిగిలిపోతాయి, ఆ తేడా సర్దడానికి దారి లేకపోతే బేరం మొదట్లోనే ఆగిపోద్ది. పూజ గదిలోంచి లావు దీపం వత్తులు నాలుగు తెచ్చి, పేని, ఉప్పునీళ్లలో నానబెట్టి, రెండు గ్లాసుల్లోకీ వేలాడేసేసరికి మీటరు మీద 1.06 వచ్చి నిలబడింది. పట్టిక ప్రకారం 0.34కీ మైనస్ 0.76కీ తేడా 1.10. ఎరువుల మందుతో, దీపం వత్తితో, చెత్తలో పోయే సెల్లు రేకుతో 1.06 రావడం నాకైతే గొప్పే. వత్తి తీస్తే సున్నా, పెడితే 1.06, బుజ్జి ఓ ఇరవై సార్లు తీసి పెట్టింది.

తీగని మీటరులో కరెంటు కొలిచే వైపు పెట్టి ఒక రోజంతా వదిలేశాం, 2 మిల్లీ ఆంపియర్లకి అటూ ఇటూగా పోయింది. 24 గంటలకి లెక్క కడితే 173 కూలుంబులు (మొత్తం ఎంత కరెంటు పారిందో చెప్పే కొలత), మోల్ ఎలక్ట్రాన్లకి 96,485 కూలుంబులు, జింకు పరమాణువుకి రెండు కాగితాలు, కాబట్టి జింకు రేకు 0.06 గ్రాము తగ్గాలి, రాగి తీగ 0.06 పెరగాలి. తూస్తే జింకు 0.07 తగ్గింది, రాగి 0.05 పెరిగింది. ఈ టాలీకి నేను సంతకం పెట్టేస్తా.

శుక్రవారం: పట్టీలు

ఇది చిన్న పనే. అక్క వెండి పట్టీలు నల్లబడ్డాయి. పోయినేడు ఒక కొట్లో పాలిష్‌కి ఇస్తే నాలుగు గ్రాములు తగ్గి వచ్చాయి, అక్క ఇప్పటికీ తిడుతుంటది. వెండి మీద నలుపు వెండి సల్ఫైడు, పాలిష్ అంటే దాన్ని గీకి పారేయడమే, నలుపుతో పాటు వెండి కూడా పోద్ది. మేము ప్లాస్టిక్ డబ్బాలో అల్యూమినియం రేకు పరిచి, దాని మీద పట్టీలు పెట్టి, వంట సోడా రెండు చెంచాలు వేసి, మరిగిన నీళ్లు పోశాం. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది, ఐదు నిమిషాల్లో తెల్లబడ్డాయి. అల్యూమినియం మూడు కాగితాలు వదిలించుకుంది, వెండి ప్లస్ ఒకటి నుంచి సున్నాకి దిగి మళ్లీ వెండై అక్కడే కూర్చుంది, గంధకం వేరే దారి చూసుకుంది. ముందూ వెనకా తూచాం, పట్టీల బరువులో 0.02 తేడా. బుజ్జి గమనించింది ఏందంటే వెండికీ అల్యూమినియానికీ మధ్య జరిగిన బేరంలో ఆక్సిజన్ ఎక్కడా కాగితం పుచ్చుకోలేదు, అయినా దాన్ని ఆక్సిడేషన్ అనే అంటాం. రాళ్లు పొదిగినవి, పురాతనంగా కనపడాలని కావాలనే నల్లగా ఉంచినవి మాత్రం ఇట్టా చేయొద్దు.

అక్క అప్పటి నుంచి డాబా మీదకి టీ పంపిస్తోంది.

నాలుగో ఆదివారం: ఆక్సిడేషన్ నంబర్లు, ఉమ్మడి పొలం

పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి రోజంతా దీని మీదే కూర్చున్నాం. బుజ్జి సందేహం: నీళ్లలో హైడ్రోజన్ నిజంగా ఎలక్ట్రాన్ ఇచ్చేయలేదు, పంచుకుంది, మరి ప్లస్ ఒకటి అని ఎట్టా రాస్తాం? నేనన్నా, ఉమ్మడి పొలం ఉంది, దున్నేది ఇద్దరూ, పట్టా మాత్రం పెద్దాయన పేరు మీద. ఆక్సిజన్‌కి లాగే బలం ఎక్కువ, కాబట్టి పంచుకున్నవన్నీ ఆక్సిజన్ పేరున రాసేస్తాం, మైనస్ రెండు. అది రికార్డులో పేరు, పొలంలో నిజంగా ఎవరెక్కడ నిలబడ్డారో కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ పక్కన ఇంకో ఆక్సిజన్ ఉంది, ఇద్దరూ సమానం, వాళ్లిద్దరి మధ్య ఉన్నది చెరిసగం, అందుకని మైనస్ ఒకటే. దీన్ని మినహాయింపు అని వేరే బట్టీ పట్టక్కర్లేదు.

ఎఫ్‌ఈ త్రీ ఓ ఫోర్‌లో ఇనుముకి మూడింట ఎనిమిది వస్తది, అంటే రెండు పాయింట్ ఆరు ఆరు. పావలా ముక్కలు చేసిన ఎలక్ట్రాన్లు ఉంటాయా అని దాని ఏడుపు. ఇదైతే యార్డులో రోజూ చూసేదే. మంచి తేజ కాయ రెండు టిక్కీలు, నాసి తాలు కాయ ఒక టిక్కీ కలిపి సగటు రేటు కడితే వచ్చే అంకెకి ఏ టిక్కీ అమ్ముడుపోదు. రెండు ఇనుములు ప్లస్ మూడు, ఒకటి ప్లస్ రెండు, కలిపితే ఎనిమిది, మూడుతో భాగిస్తే అదీ.

సాయంత్రం మొన్నటి ఆకుపచ్చ నీళ్లు మిగిలి ఉంటే వడపోసి, నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ ఆమ్లం, కాస్త కలిపి, ఊదారంగు పర్మాంగనేట్ నీళ్లు డ్రాపరుతో ఒక్కో చుక్క వదిలాం. చుక్క పడటం, రంగు మాయం, చుక్క పడటం, మాయం. ముప్పై ఒకటో చుక్కకి గులాబీ రంగు నిలబడింది. పక్కన ఉత్త నిమ్మ ఉప్పు నీళ్ల గ్లాసులో మొదటి చుక్కకే రంగు నిలిచింది, చాలాసేపటికి గానీ గోధుమరంగు తిరగలేదు, అంటే నిమ్మ ఉప్పు కూడా అప్పు అంటగట్టేదేగానీ నిదానస్తురాలు. మాంగనీస్ ప్లస్ ఏడు నుంచి ప్లస్ రెండుకి దిగాలంటే ఐదు కాగితాలు కావాలి, ఇనుము ప్లస్ రెండు నుంచి ప్లస్ మూడుకి ఎక్కితే వచ్చేది ఒక్కటి, కాబట్టి ఒక పర్మాంగనేట్‌కి ఐదు ఇనుములు. సమీకరణం బ్యాలెన్స్ చేయడం అంటే ముందు ఇచ్చినవీ పుచ్చుకున్నవీ సమానం చేయడం, ఆ తర్వాతే నీళ్లూ హైడ్రోజన్‌లూ సర్దడం. బుజ్జి ఇన్నాళ్లూ ముందు ఆక్సిజన్‌లు లెక్కపెట్టి మొదలెడుతోంది, పాపం అందుకే ఎక్కడికక్కడ ఇరుక్కుంటోంది.

మిగిలిన నీలం నీళ్లు కాలవలో పారబోయలేదు, రాగి చేపలకి మంచిది కాదు, అంట్లు తోమే ఇనప పీచు వేసి నీలం పోయేదాకా ఉంచి అప్పుడు పారేశాం.

తర్వాతి బుధవారం

వీక్లీ టెస్టులో ఇరవైకి పదిహేడు. పోయిన మూడూ తుప్పు మీద అడిగినదానికి అంట, తొందర్లో ప్రశ్న సరిగ్గా చదవలేదట. కొడవలి సంగతి రాసిందా అంటే రాసిందట, దానికి మార్కు వేశారో లేదో తెలీదు.

డాబా సర్దేస్తుంటే ఆ రాగి పొడి ఉన్న ఇంజెక్షన్ సీసా కనిపించింది, 1.19 గ్రాములు అని చీటీ అంటించి పెట్టుకున్నా. మొదట ఇటుక రంగులో ఉండేది, ఇప్పుడు నల్లగా తిరిగింది. ఊరికే మళ్లీ తూచా. 1.22. నేనేం కలపలేదు, ఎవరూ ముట్టుకోలేదు, మూడు పాయింట్లు ఎక్కువ. ఇవి ఎవరి ఖాతాలోంచి వచ్చాయే బుజ్జీ అంటే, అది ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా, నేను బిగించడం మర్చిపోయిన సీసా మూత వైపు చేయి చూపించింది.